ఋతకుఁడా, ఌతకుఁడా? — నామోచ్చారణ విమర్శనము

శిశువునకుఁ బేరిడుట గృహకృత్యమే కాని శాస్త్రవిచారమున కర్హమైన విషయము గాదని తలంచువారు కలరు. మహాభాష్యమునఁ బస్పశాహ్నికమును జదివినవా రట్లు తలంపఁజాలరు. వ్యాకరణ మేల చదువవలయునను ప్రశ్నకుఁ బతంజలి చెప్పిన ప్రయోజనములలోఁ బుత్రునకు నామము చేయుటయు నొకటి. వేదరక్షణమును జెప్పిన చోటనే నామకరణమును గూడఁ జెప్పిన యాచార్యుని దృష్టిలో నిది చిన్నపని కాదు. అందుచేత నీ విషయమును బండితుల యెదుటను, బాఠశాలలలోఁ బిల్లల పేర్లను బ్రతిదినముఁ బిలుచు నుపాధ్యాయుల యెదుటను నుంచుచున్నాను.

నేఁడు తెలుఁగు కుటుంబములు తెలుఁగుదేశమున మాత్రమే లేవు. ముంబయి, ఢిల్లీ నగరములలోను, సముద్రముల కావల అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలోను నివసించుచు బిడ్డలను బెంచుచున్నవి. పుట్టిన బిడ్డకుఁ దాతముత్తాతల పేరు నిలుపవలయునను కోరిక వారికిఁ గలదు. ఆ పేరు పరభాషీయుల నోటఁ బడి యేమగునో యను వెఱపును గలదు. నాయొద్దఁ బూర్వము చదివిన యొక శిష్యుఁ డమెరికానుండి యీ సందేహమునే వ్రాసెను. ఆతని తాతగారి పేరు యజ్ఞేశ్వరశాస్త్రి. అందు యజ్ఞేశ్వర యను భాగమును దన కుమారునకుఁ బెట్టఁదలఁచెను. ఇచటి యుపాధ్యాయు లీ పేరును బలుకలేరనియు, బిడ్డఁడు బడిలోఁ బరిహాసమునకుఁ బాత్రుఁడగు నేమో యనియు, పేరు మార్చుటయా కుదించుటయా తోఁపకున్నదనియు నాతఁడు వ్రాసెను.

ఇట్టి సందేహమునకు లోకమున రెండు సమాధానములు వినఁబడుచున్నవి. పేరు పిలుచుటకే కదా యున్నది, పిలువరాని పేరు పెట్టి ఫలమేమి, కాఁబట్టి నలుగురి నోటికిఁ దగిన పేరే పెట్టవలయు నని మొదటిపక్షము. పేరు మనది, పలుకలేనితన మితరులది, వారి యశక్తికి మనమేల లొంగవలయు నని రెండవపక్షము. ఈ రెండుపక్షములును జాలవనియు, వైయాకరణులు రెండువేలయేండ్ల క్రిందటనే యీ విషయమును మఱింత నిదానముగా విచారించిరనియుఁ జూపుట యీ వ్యాసమున కుద్దేశము.

భాష్యమందలి చర్చ

మాహేశ్వరసూత్రములలో రెండవది ఋకార ఌకారముల నుపదేశించును. ఌకారముగల శబ్దములు సంస్కృతమునఁ గౢపిధాతువునకు సంబంధించిన కౢప్తాది రూపములందుఁ దప్ప దాదాపు కానరావు. అట్టి వర్ణమును సూత్రమునఁ జేర్చుట యేల యని చర్చ పుట్టినది. వార్తికకారుఁడు చెప్పిన ప్రయోజనములలో రెండు మన ప్రకృతవిషయమునకు మిక్కిలి దగ్గఱివి.

మొదటిది యదృచ్ఛాశబ్దము. తలిదండ్రులు తమ యిచ్చవచ్చినట్లు బిడ్డకు ఌతకుఁ డని పేరు పెట్టవచ్చును. అట్టి పేరునకు ముందు శబ్ద మున్నప్పుడు అచ్సంధి జరుగవలయును గదా. రెండవది యశక్తిజానుకరణము. బిడ్డని పేరు ఋతకుఁడు. ఒక బ్రాహ్మణస్త్రీకి ఋకారము నోటికి రాక ఌతకుఁ డన్నది. ఆమె యేమన్నదో మఱియొకఁడు చెప్పవలసివచ్చినపు డామె యన్నట్లే ఌతకుఁ డని చెప్పును. ఆ యనుకరణవాక్యమును శాస్త్రమునకు లోఁబడవలయును.

ఇందు గమనింపవలసినవి మూఁడు గలవు. మొదటిది, పేరును బలుకలేని వ్యక్తిని వెదకుచు భాష్యకారుఁడు మ్లేచ్ఛదేశమునకుఁ బోలేదు. ఇంటిలోని స్త్రీనే యుదాహరించెను. శిష్టకుటుంబమునందే, సంస్కృతము వినఁబడు చోటనే, ఋకార మొకరి నోటఁ బలుకుట యొకరి నోటఁ బలుకకపోవుట యానాఁడే యున్నది. పేరు పలుకలేకపోవుట పరదేశీయుల లక్షణ మనుకొను మన యలవాటున కిదియే మొదటి సమాధానము.

రెండవది, ఆమె యుచ్చారణమున కాచార్యుఁడు వాడిన మాట అశక్తి. నేరమని గాని యవమానమని గాని యనలేదు. దాని ననుకరించువానికి దోషము కలదా యను శంకకు భాష్యమునఁ జెప్పిన దృష్టాంతము వినోదకరము. ఒకఁడు హత్య చేసెను. దాని ననుకరించి చూపఁగోరిన మఱియొకఁడు స్నానము చేసి, గంధము పూసికొని, మెడలోఁ బూలదండ వైచికొని, యరఁటిబోదె నఱికినచో నాతఁడు పతితుఁ డగునా? కాఁడు. తప్పుమాటను దెలుపుటకుఁ బలికిన మాట తప్పుమాట కాదని యాచార్యుల నిర్ణయము.

మూఁడవది యన్నిఁటికంటె ముఖ్యము. యదృచ్ఛాశబ్దములు కలవని మొదటఁ జెప్పి, పిదప వానిని నిరాకరించుచు, శబ్దములు జాతిశబ్దములు, గుణశబ్దములు, క్రియాశబ్దములు నని మూఁడువిధములే యని పతంజలి మతాంతరమును జూపును. ఆ మతమున ఌతకుఁడని పేరు లేదు. శాస్త్రమున కనుగుణమైన ఋతకశబ్ద ముండఁగా దానినే నామముగా గ్రహింపవలయును. పలుకువా రెట్లు పలికినను వాఁడు ఋతకుఁడే.

కాఁబట్టి భాష్యచర్చయందు నామమునకును నోటికిని సంబంధించి మూఁడు స్థానము లేర్పడుచున్నవి. పేరిడువాఁడు సాధురూపము నిడవలయును. పలుకలేనివాఁడు తన శక్తికొలఁది పలుకును, అందుల కాతనిపై నేరము లేదు. అనుకరించువాఁడు సందర్భవశమునఁ దప్పురూపమును జెప్పినను దోషి కాఁడు. ఈ మూఁడింటిలో నొకదానిబాధ్యత నొకరిపై మోపరాదు. పలుకలేనివాని యశక్తినిఁ దలఁచి పేరిడువాఁడే ముందుగా ఌతకుఁ డని వ్రాయించుటకు భాష్యమున నాధారము కానరాదు.

నామలక్షణ పరీక్ష

యాజ్ఞికుల లక్షణమును బతంజలి పస్పశాహ్నికమునఁ జూపెను. దాని సారాంశ మిది. పుట్టిన పదవదినము పిదపఁ బేరిడవలయును. ఆ నామము ఘోషవద్వర్ణముతో మొదలు కావలయును. నడుమ య ర ల వ లలో నొక యంతస్థ ముండవలయును. మొదటి యచ్చు వృద్ధి కారాదు. పేరిడువానికి ముందు మూఁడుతరముల పెద్దలను దలఁపింపవలయును. శత్రువులయందుఁ బ్రసిద్ధమైనది కారాదు. రెండక్షరములదో నాలుగక్షరములదో కావలయును. కృదంతము కావలయునే కాని తద్ధితాంతము కారాదు.

దినమును విడిచిన నియమము లేడు. వీనిలో నాలుగు, అనఁగా ఘోషము, అంతస్థము, వృద్ధినిషేధము, అక్షరసంఖ్య, నోటికిని జెవికిని సంబంధించినవి. మిగిలిన మూఁడు వంశమునకును, లోకప్రతిష్ఠకును, వ్యుత్పత్తికిని సంబంధించినవి. ఘోషవద్వర్ణము నాదముతో వెలువడును గనుక దూరమునకు వినఁబడును. అంతస్థము నాలుకకు సుఖము. కొలఁదియక్షరములు పిలుపునకుఁ జాలును. ఈ హేతువులు భాష్యమునఁ జెప్పఁబడలేదు, ఇవి నా యూహలు. కాని ప్రాచీనులు పేరును మనస్సుతో మాత్రమే గాక చెవితోఁ గూడఁ బరీక్షించిరనుట నియమములను జూచినంతనే తెలియును. పలుకుబడి యక్కఱలేదను రెండవపక్షమువారు శాస్త్రమును దమకు సాక్షిగాఁ బిలుచుట చెల్లదు.

ఇఁక శిష్యుఁడు చెప్పిన పేరును బరీక్షింతము. యజ్ఞేశ్వర యనునది యకారముతో మొదలగును, యకారము ఘోషవత్తు. నడుమ వకార మంతస్థము. మొదటి యచ్చు అకారము, వృద్ధి గాదు. అక్షరములు నాలుగు. యజ్ఞశబ్దము యజధాతువుపై నఙ్ ప్రత్యయముచేతను, ఈశ్వరశబ్ద మీశధాతువుపై వరచ్ ప్రత్యయముచేతను సిద్ధించినవి గనుక రెండును గృదంతములు. పేరిడువానికిఁ దాత పేరగుటచేత వంశనియమమును నెఱవేఱినది. లక్షణము లన్నియు నింత చక్కఁగాఁ గుదిరిన పేరు మన యిండ్లలో నరుదు. నేఁటి విదేశమునఁ జిక్కు తెచ్చునని భయపడుచున్నదియు నీ పేరే!

ఈ లక్షణమునే మనకుఁ బ్రియతమములైన నామములకుఁ బట్టించి చూడుఁడు. రామనామము రెండక్షరములదే, ఘోషవదాదియే. కాని మొదటి యచ్చు ఆకారము వృద్ధి, నడుమ నంతస్థము లేదు. కృష్ణనామము కకారముతో మొదలగును, కకార మఘోషము. అయినను దెలుఁగుదేశమున రాములు, కృష్ణులు లేని యూరు లేదు. కాఁబట్టి లక్షణము దారిచూపునదియే కాని లోకమును గట్టివేయునది కాదు.

గృహ్యసూత్రములందును నిట్టి విచారమే కలదు. మనలోఁ బెక్కండ్రకుఁ బ్రమాణమైన యాపస్తంబము పురుషులకు రెండు లేక నాలుగక్షరములను, గన్యలకు బేసి యక్షరములను విధించి, సు అను నుపసర్గముగల నామము ప్రతిష్ఠితమగునని పక్షాంతరమును జెప్పినది. మనువు స్త్రీనామములు సుఖముగాఁ బలుకఁదగినవియు, క్రూరములు కానివియు, నర్థము స్పష్టమైనవియు, మనోహరములును గావలయు ననెను. ఇచట విమర్శింపవలసిన దొకటి కలదు. ఉచ్చారణసుఖమును, నర్థస్పష్టతను స్త్రీనామములకే యేల చెప్పవలయును? పురుషనామములకు వర్ణముల ననుసరించి మంగళము, బలము, ధనము నని చెప్పి, నాలుగవవర్ణమునకుఁ జుగుప్సితమును జెప్పుట యే కాలమునను బాటింపఁదగినది కాదు. స్త్రీలకుఁ జెప్పిన ధర్మమే బిడ్డలందఱకును జెల్లవలసినది. ఆ శ్లోకమునఁ గాలమునకు నిలిచినది సుఖోచ్చారణమును నర్థస్పష్టతయునే.

జ్ఞకారచరిత్రము

యజ్ఞేశ్వరనామమును బరదేశీయులు పలుకలేరని శిష్యుని భయము. మన మెట్లు పలుకుచున్నాము? జకార ఞకారముల సంయోగమును వ్రాసినట్లే పలుకువారు మన వ్యవహారమున నరుదు. తెలుఁగువారు గ్న్య యని పలుకుదురు. హిందీవారు గ్య యందురు. మహారాష్ట్రులు ద్న్య యందురు. గుజరాతీలు గ్న యందురు. వంగీయులు పదమధ్యమున గ్గ యందురు. ఋకారమునకు నిదే గతి. తెలుఁగువారును మహారాష్ట్రులును రు యనియు, హిందీవారును వంగీయులును రి యనియుఁ బలుకుదురు. శిక్షలు చెప్పిన స్వరమైన ఋకార మెవరి నోటను లేదు. ఒకే నామమును భారతీయు లైదువిధములఁ బలుకుచుండఁగా నాఱవవిధముగా నొక యమెరికాదేశీయుఁడు పలికిన నేల యింత కలఁత?

చరిత్రమును జూచిన నీ సంగతి మఱింత స్పష్టమగును. క్రీస్తుశకము రెండవశతాబ్దమున నాంధ్రదేశము నేలిన సాతవాహనరాజు యజ్ఞశ్రీ శాతకర్ణి. ఆతని నాణెములపై నున్న పేరు సిరి యఞ సాతకణి. శ్రీ సిరియైనది, జ్ఞకారము ఞకారమైనది, ర్ణకారము ణకారమైనది. రాజే తన పేరును బ్రాకృతమున నట్లు ముద్రింపించుకొనెను. శిష్యుని తాతగారి పేరులోని యజ్ఞశబ్దము పదునెనిమిది శతాబ్దముల క్రిందటనే మన దేశపు రాజనామమున నీరూపమున నుండినది.

తెలుఁగున నీ ప్రక్రియకుఁ దద్భవమని పేరు. యజ్ఞము జన్నమైనది. విష్ణువు వెన్నుఁ డైనాఁడు. లక్ష్మి లచ్చి యైనది. దుర్గానామము దుగ్గన యైనది, సింహశబ్దము సింగన యైనది. దగ్గుపల్లి దుగ్గనయు, మడికి సింగనయు నా పేర్లతోడనే కవులై కీర్తిగాంచిరి. సుబ్రహ్మణ్యనామము సుబ్బన్న, సుబ్బమ్మ, సుబ్బారావు మొదలగు రూపములఁ దాల్చినది. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50, తెలుఁగునకు 36 వర్ణములని చెప్పి, ఋకారమును, విసర్గను, వర్గద్వితీయచతుర్థములను, ఙఞలను, శషలను సంస్కృతసమములతోఁ గూడి తెలుఁగునకు వచ్చినవానిగాఁ జూపెను. ఆ లెక్కను ఋతకనామమును, యజ్ఞనామమును దెలుఁగునోటికిఁ బుట్టుకతో వచ్చినవి కావు, నేర్చుకొన్నవి.

పొరుగువారును నిట్లే చేసిరి. సంస్కృతశబ్దములు తమిళమునఁ బ్రవేశించునపు డుత్తరదేశపు వర్ణములను విడిచి తమిళవర్ణములతోఁ గూడవలయునని తొల్కాప్పియపు నియమము. పదాదిని రేఫలకారము లుండరాదు గనుకఁ గంబని కావ్యమున రాముఁ డిరామన్, లక్ష్మణుఁ డిలక్కువన్, విభీషణుఁడు వీడణన్ అయిరి. కంబఁడు రామనామమును జెఱచెనని యెవరు ననరు. అశోకుఁడు తన పదుమూఁడవ శిలాశాసనమున యవనరాజుల పేర్లను అంతియోక, తురమాయ, అలికసుందర యని వ్రాయించెను. మన దత్తమండలములను 1800 మొదలు 1807 వఱకుఁ బ్రధాన కలెక్టరుగాఁ బాలించిన తామస్ మన్రో పేరును సీమప్రజలు మన్రోలప్ప యని మార్చి తమ బిడ్డలకుఁ బెట్టుకొనిరి. మన్రో విన్నచోఁ దన పేరు పలుకలేరని కోపగించునా? తన పేరును దమ బిడ్డలకుఁ బెట్టుకొనిరని సంతసించునా?

తద్భవమును నశక్తియు

ఇట నొక యాక్షేపము రావచ్చును. తెలుఁగువాఁడు యజ్ఞమును జన్న మనఁగాఁ దద్భవ మని గౌరవించి, యాంగ్లేయుఁడు యజ్ఞేశ్వరుని మఱియొక తెఱఁగునఁ బిలువఁగా నశక్తి యనుట పక్షపాతము గాదా యని. కాదు. తద్భవ మొక్కని నోటి తొట్రుపాటు గాదు. ఒక జనసమూహమున, తరతరములు, నియమముతో జరిగిన మార్పు. జ్ఞకారము న్నకార మగుట యజ్ఞశబ్దమున నొక్కటనే గాదు, విజ్ఞాపనశబ్దము విన్నప మైనపుడును జూచుచున్నాము. ష్ణకారము న్నకార మగుట విష్ణుశబ్దమునను, గృష్ణశబ్దమునను నొకటే తీరు. ఇట్టి నియమము గలదు గనుకనే వైయాకరణుఁడు దానికి లక్షణము వ్రాయఁగలిగెను. బడిలో నొక యుపాధ్యాయుని మొదటిదినపు తడఁబాటున కిట్టి నియమము లేదు. రేపు చెప్పిన సవరించుకొనును. సవరింపఁదగినది యశక్తి, స్థిరపడినది తద్భవము. ఒకవేళఁ బరదేశమున మూఁడుతరములు నివసించిన తెలుఁగువారి నోటనే యొక పేరు క్రొత్తరూపమున స్థిరపడెనేని దానిని గూడఁ దద్భవమనియే తలంపవలయును. దక్షిణాఫ్రికాలో నాటాలుసీమకు 1860 మొదలు కూలిపనికిఁ బోయిన మనవారి సంతతిలో నాయుడుశబ్దము నైడూ యై నిలిచినది. ఆ రూపమును బరిహసించుట మన కుచితము గాదు.

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) జీవిత మిందుకు మంచి నిదర్శనము. భీమవరమునఁ బుట్టి 1923లో నమెరికాకుఁ బోయి, వైద్యశాస్త్రమున గొప్ప పరిశోధనలు చేసి యచటనే మరణించెను. సుబ్బారావను పేరు సుబ్రహ్మణ్యశబ్దమును దెలుఁగునోరు మెత్తపఱచుకొన్న రూపము. ఆ రూపము నాతఁడు విడువలేదు. మరణానంతరము శాస్త్రజ్ఞు లొక బూజుజాతికి సుబ్బరోమైసెస్ అని పేరిడిరి. మన యిండ్లలోని సుబ్బన్న లాటిన్ శాస్త్రనామములలోఁ జేరెను! సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుండి 1952 వఱకు నాక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున నాచార్యుఁడుగ నుండెను. ధకార ఋకార ష్ణకారములు గల యా పేరచటఁ గుదింపఁబడలేదు. వినువా రెట్లు పలికిరో కాని, పేరు పూర్ణముగ నిలిచెను.

స్వయంకృతదోషము

పరుల యశక్తి పేరునకుఁ జెఱుపు చేయదని పైచర్చవలనఁ దేలినది. చెఱుపు మఱియొక చోటఁ గలదు. అది మన యింటిలోనే జరుగుచున్నది.

ఏ పాఠశాలలో హాజరుపట్టీ తెఱచినను శృతి యను పేరు కానవచ్చును. వేదవాచకమైన శబ్దము శ్రుతి. శ్రుధాతువునం దున్నది రేఫముతోడి ఉకారము, ఋకారము గాదు. ధృవుఁడని వ్రాయుదురు, నక్షత్రమైన బాలుఁడు ధ్రువుఁడు. విశ్వనాథుఁడు విశ్వనాధుఁ డగుచున్నాఁడు. సిద్ధార్థుఁడు సిద్దార్ధుఁ డగుచున్నాఁడు. జాహ్నవిని జాన్హవి యనియుఁ, బ్రహ్లాదుని బ్రల్హాదుఁ డనియు నందఱమును బిలుచుచున్నాము. ఇందొక చిత్రము కలదు. శ్రుతి, ధ్రువ యనునవి తెలుఁగునోటికి సులభములైన పేర్లు. వానిలో లేని ఋకారమును గౌరవార్థము తెచ్చిపెట్టి, యా ఋకారమును బలుకలేక మరల శ్రుతి యనియే పలుకుచున్నాము! పెట్టినవారికే పేరు తెలియలేదనుట కింతకంటె నిదర్శనమేల?

మఱికొన్ని పేర్లకు వ్యుత్పత్తియే కానరాదు. ఋత్విక్ శబ్దము సాధువు, యజ్ఞము చేయించువాఁ డని యర్థము. దానిని బోలి పుట్టిన హృతిక్ శబ్దమున కే ధాతువు నేర్పఱుపవలయునో తెలియదు. ఇవి ఌతకుని సోదరులు. పతంజలి మతాంతరముగాఁ జూపిన పక్షమున నిట్టి పేర్లకుఁ జోటు లేదు. అయినను బిడ్డ కా పేరు పెట్టిన పిదప నా బిడ్డను దప్పుపట్టరాదు. విచారము పెట్టకముందు చేయవలసినది.

రోమనులిపి మఱియొక చిక్కు తెచ్చినది. ఆ లిపియందుఁ దకార టకారములకు వేఱువేఱు గుఱుతులు లేవు. దక్షిణదేశీయులు తకారమునకు టి, హెచ్ అను రెండక్షరములను వ్రాసి టకారమునకు టి యొక్కటియే వ్రాయుదురు. ఉత్తరదేశీయులు తకారమునకు టి యొక్కటియే వ్రాసి, రెండక్షరములను థకారమునకు వాడుదురు. కాఁబట్టి మనము వ్రాసిన లత ఢిల్లీలో లథ యగును, వారు వ్రాసిన లత మనవారికి లట యగును. 1894లో జెనీవానగరమునఁ గూడిన ప్రాచ్యవిద్వత్సభ యేర్పఱచిన పద్ధతిలో నక్షరముల క్రిందఁ జుక్కలును మీఁద గీఁతలును నుంచి యీ భేదములను జూపవచ్చును. కాని పాస్‌పోర్టులలోను బడిపట్టీలలోను నాచుక్కలు వ్రాయువారు లేరు. తెలుఁగు చదువనేరని బిడ్డ తన పేరును రోమనులిపిలో మాత్రమే చూచును. ఇంటిలో సరిగాఁ బిలువకున్న నా బిడ్డకుఁ దన పేరే తెలియదు.

స్వయంకృతములలో నన్నిఁటికంటెఁ గష్టమైనది భయముచేతఁ జేయు కుదింపు. కృష్ణుఁడు క్రిస్ అగుట, సుధీరుఁడు సడ్ అగుట. ఇది తద్భవము గాదు, నియమము లేదు గనుక. అశక్తియుఁ గాదు, పెట్టినవారు పలుకఁగలరు గనుక. ఎవరును నడుగకముందే, పలుకుటకు యత్నింపకముందే, మనమే ఌతకుఁ డని వ్రాసి యిచ్చుట.

ప్రాచీనులయందును నిట్టి తప్పించుకొనుట యొకటి కలదు. నమస్కారమునకుఁ బ్రత్యభివాదము చేయ నెఱుఁగనివారియొద్ద నామము చెప్పక 'నేను' అని మాత్రమే చెప్పవలయునని మనువు. నామాంతమునఁ బ్లుతమును బలుక నెఱుఁగనివానికిఁ బేరు చెప్పుట వ్యర్థమని తలంపు. వ్యాకరణము చదువుమని ప్రోత్సహించుటకు భాష్యమున నీ మాట యుపయోగపడినది. కాని బడిలోని బాలుఁడు పేరు దాఁచి 'నేను' అని యెంతకాలము చెప్పఁగలఁడు? పేరు దాఁచుటకంటె నేర్పుట మేలు.

సిద్ధాంతము

కావునఁ బేరిడువారికిఁ జెప్పవలసినది యిది. బిడ్డకుఁ బెద్దల పేరు పెట్టఁగోరినచో మొదటఁ దమ్ముఁ దా మడుగవలసిన ప్రశ్నలు మూఁడు. ఈ పేరున కర్థ మేమి? ఇది యెట్లు వ్రాయవలయును? మన మిద్దఱమును దీనిని బ్రతిదినము నొకే తీరునఁ బలుకఁగలమా? ఈ మూఁడింటికి నుత్తరము చెప్పఁగలవా రే పేరైనను బెట్టవచ్చును. ఇతరులు పలుకఁగలరా యనునది నాలుగవ ప్రశ్న. దానిని మొదటికిఁ దెచ్చుటచేతనే చిక్కంతయుఁ బుట్టుచున్నది. మొదటి మూఁడింటికి నుత్తరము లేనివారు, సులభమైన పేరు పెట్టినను గఠినమైన పేరు పెట్టినను, బిడ్డకు నొక శబ్దము నిత్తురే కాని నామము నీయరు.

సులభనామమును గోరువారిని నిందింపను. రవి, లలిత, మాల, నీల, వాణి యనునవి సాధువులు, సార్థకములు, సుఖోచ్చారణములు. పెద్దల పేర్లలోనే యిట్టివి దొరకినచో నవియే పెట్టుట శాస్త్రసమ్మతము. ఋష్యశృంగుఁడని పెట్టఁదలఁచిన తండ్రి యొక్క సంగతి మఱువరాదు. ఆ పేరును లోకమున నందఱికంటె నెక్కువసారులు చెప్పవలసినవాఁడు తండ్రి గాఁడు, బిడ్డఁడు. కఠినత బిడ్డనికి భారము కాకుండుటకుఁ దోడ్పడునది దాని కథయు నర్థమును. అవి యింటిలోఁ జెప్పువారు లేనియెడలఁ గఠినమైన పేరు బిడ్డనిపై మోపుట న్యాయము గాదు.

శిష్యునికి నే నిట్లు వ్రాసితిని. యజ్ఞేశ్వరనామమును మార్పవలదు, కుదింపవలదు. మీ తాతగారి నెట్లు పిలిచిరో యట్లే, తెలుఁగువారు పలుకు గ్న్యకారముతోనే, పిలువుఁడు. హిందీవారి గ్యకారముగాని మఱియొకటిగాని తప్పని వాదింపకుఁడు. బడిలోఁ జేర్చిననాఁడు నాలుగక్షరములను విడివిడిగాఁ జెప్పి చూపుఁడు. ఎదుటివాఁడు తడఁబడిన నగవలదు, కోపింపవలదు, మరల నొకమాఱు చెప్పుఁడు. ఇంటిలో ముద్దుపేరు కావలసినచో జన్నయ యని పిలువుఁడు, అది మన భాషయే చేసి యిచ్చిన రూపము. బిడ్డఁ డడిగిననాఁడు యజ్ఞమననేమో, ఈశ్వరుఁడన నేమో, ఆ పేరు గల పెద్ద యెవ్వఁడో చెప్పుఁడు. అంతయుఁ జేయుటకు మీకుఁ దీఱికయు నిచ్ఛయు లేనిచో వేఱొక మంచిపేరు పెట్టుఁడు, పెద్ద లలుగరు.

తుదకు నా తోడి పాఠశాలాపండితులకు నొక విన్నపము. విదేశముననున్న యుపాధ్యాయుఁడు మన బిడ్డపేరును బలుకలేఁడని చింతించుటకు ముందు మన తరగతిలోని సంగతి చూచుకొనవలయును. శ్రుతిని శృతి యని పట్టీలో వ్రాయువారు మనమే. తప్పువ్రాఁత నట్లే పరీక్షాపత్రమున కెక్కించువారమును మనమే. ఒక్కసారి ప్రమాణపత్రమున కెక్కిన రూపము జన్మాంతమువఱకు దిద్దుటకు శ్రమ. ఏఁటికొక్కదినము, బడి తెఱచిన వారములోఁ, బిల్లలను వారి వారి పేర్ల యర్థము నింటినుండి తెలిసికొని రమ్మని, పేరునుఁ దెలుఁగులిపిలో సరిగా వ్రాయించి, తరగతియంతయుఁ బలుకునట్లు చేసిన నొక గంటలో ముగియును. గిరిజనుల యిండ్లనుండియు, నితరమతములనుండియు, నితరభాషలనుండియు వచ్చిన పిల్లల పేర్లను గూడ వారు చెప్పినట్లే పలుక నేర్చుకొనవలయును. వారి పేర్లయెడ మన మశక్తులము, మన పేర్లయెడఁ బరదేశీయు లశక్తులు. ఋతకుని ఋతకుఁ డని పిలుచుటకుఁ జేయు యత్నము రెండుచోట్లను నొక్కటియే. విజ్ఞులు దీనిని బరిశీలించి గుణదోషములను దెలుపుదురు గాక.